రెండు తెరల మీద ఒకే కుక్క

మా దగ్గరికి వచ్చే గిరాకీలందరూ చివరికి అడిగేది ఒకటే మాట: “ఫోన్‌లో వచ్చేట్ల చేసియ్యప్పా.” కెమెరాలెన్ని, ఏ కంపెనీవి, రాత్రిపూట ఎంత దూరం కనిపిస్తాయి, డిస్కులో ఎన్ని రోజులుంటాయి అని మేం చెబుతుంటే మర్యాదకు తల ఊపుతారు. మనసంతా ఫోను మీదే ఉంటుంది. అంగడి మూసి ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, మంచం మీద వాలి, మూసొచ్చిన అంగడిని మళ్లీ ఒకసారి తెరిచి చూసుకోవాలి. అప్పుడుగానీ నిద్ర పట్టదు. ఈ కోరికను నేను ఎగతాళి చేయను. దాని మీదే నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. కాకపోతే పదేళ్ల కిందట ఒక నల్లకుక్క పుణ్యమా అని నాకు దాని మీద కొన్ని అనుమానాలు పుట్టాయి. కుక్క దగ్గరికి పోవాలంటే ముందు మిల్లు గేటు దాటాలి.

ఆదోనిని మా పెద్దవాళ్లు రెండో బొంబాయి అనేవాళ్లు. ఆ పేరులో కొంత గొప్ప ఉంది, కొంత నిజమూ ఉంది. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, బంగారు అంగళ్లు, కమీషన్ మండీలు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డు వైపు పోతే ట్రాక్టర్ల మధ్య మనిషి దూరడానికి సందుండదు. గాల్లో దూది పీచు తేలుతుంటుంది. నేను బాగుచేసే పెట్టెల జబ్బుల్లో సగం ఆ పీచు తెచ్చిపెట్టేవే. రికార్డర్ మూత విప్పితే లోపల ఫ్యాన్ చుట్టూ తెల్లగా వత్తిలా చుట్టుకుని ఉంటుంది, దీపారాధనకు చేసిపెట్టినట్టు. ఫ్యాన్ ఆగుతుంది, పెట్టె వేడెక్కుతుంది, డిస్కు గిరగిరలాడి ఒక రోజు మూగబోతుంది. పెయింట్ బ్రష్షు ఒకటి, సైకిల్ పంపు ఒకటి, ఇవి నా సంచిలో మీటరు కంటే ముఖ్యమైన పనిముట్లు.

మిల్లు సావుకారు ఉండేది ఎమ్మిగనూరులో. మధ్యలో ముప్పై కిలోమీటర్ల రోడ్డు. పొద్దున వస్తాడు, రాత్రికి పోతాడు. ఆదోనిలోనే ఇల్లు కట్టుకోవచ్చుగా అంటే వాళ్ల తాతల ఊరు వదలడు. వాళ్లది మొదట బట్టల వ్యాపారం. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టి మగ్గాన్ని నిలబెట్టిన ఊరది. ఆ ఊరి దుప్పట్లు, తువ్వాళ్లు అమ్ముతూ అమ్ముతూ, నూలు ఎక్కడిదని వెనక్కి నడిచి, దూది దాకా వచ్చిన కుటుంబం. ఎమ్మిగనూరులో బట్టలంగడి తమ్ముడికి వదిలి, ఆదోనిలో జిన్నింగ్ మిల్లు ఈయన చూసుకుంటున్నాడు.

ఆ మిల్లులో మొదటి రికార్డర్ పెట్టింది 2013లోనో, ఆ మరుసటి ఏడో. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలి, రికార్డింగు 30 రోజులు దాచాలి అని ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది 2013లోనే. మిల్లు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని ఎవరూ ఆరా తీయలేదు. పక్క మిల్లువాడు పెట్టాడు కాబట్టి మనమూ పెడదామన్నారు. నాలుగు కెమెరాలు: గేటు ఒకటి, కాటా ఒకటి, ముందు రేకుల షెడ్డులో పత్తి కుప్పల మీద రెండు. పెట్టె ఆఫీసులో ఇనప బీరువా మీద కూర్చుంది. ఇంకో ఏడాదికి వెనక గోడౌన్‌కు, జిన్నింగ్ హాలుకు కలిపి ఎనిమిది కెమెరాల పెట్టె ఇంకొకటి. అంత దూరం కేబుల్ లాగితే బొమ్మ వణుకుతుందని దాన్ని గోడౌన్ పక్క గదిలోనే, ఖాళీ బోరాల దొంతర వెనక పెట్టాను. రెండిటికీ ఇంటర్నెట్ మాత్రం ఒకటే, ఆఫీసులో టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్. దానికి ఒక రౌటర్.

ఇక్కడే తప్పు చేశాను. ఎవరి మీదికో తోయను, నా చేతులతో నేనే చేశాను.

బయటి ప్రపంచానికి ఆ మిల్లు మొత్తం ఒకే అడ్రస్. లోపల ఎన్ని పెట్టెలున్నా, ఎన్ని కంప్యూటర్లున్నా, వాకిలి ఒక్కటే. మిల్లుకు నిజంగా ఉన్న ఇనప గేటు లాంటిదే అది. లారీ వచ్చి ఆగుతుంది. వాచ్‌మన్ పెద్దాయన స్టూలు మీంచి లేచి అడుగుతాడు, “యాడికి?” కాటాకంటే ఎడమకు, ప్రెస్సింగుకంటే తిన్నగా, ఆఫీసుకంటే చెప్పులు ఈడ ఇడిసి పో. రౌటర్ చేసేదీ అదే. బయటినుంచి వచ్చేవాడు అడ్రస్‌తో పాటు ఒక అంకె చెప్పాలి. దాన్ని పోర్ట్ అంటారు. నేను పెట్టిన కంపెనీ పెట్టెలకు ఫ్యాక్టరీ నుంచే 37777 అని అంకె వేసి పంపుతారు. ఇంకో కంపెనీ వాళ్లది 8000. ఈ అంకె చెప్పిన మనిషిని లోపల ఫలానా పెట్టె దగ్గరికి పంపు అని రౌటర్‌లో రాసిపెట్టాలి. ఈ పద్ధతికి కాగితం మీద రూపం వచ్చింది 1994లో. ఇంటర్నెట్ అడ్రస్‌లు లెక్కకు 429 కోట్ల చిల్లర. ప్రపంచానికి అవి ఏ మూలకూ చాలవని అప్పటికే తెలిసిపోయింది. అందుకని ఇంటికొక వాకిలి చాలు, లోపల గదులకు మీలో మీరు పేర్లు పెట్టుకోండి అన్నారు. ఆ లోపలి పేర్లే మనం రోజూ చూసే 192.168 తో మొదలయ్యేవి. ఆదోని మిల్లులోనూ 192.168.1.108 ఉంటుంది, ఎమ్మిగనూరు బట్టలంగడిలోనూ ఉంటుంది, కర్నూలు ఆసుపత్రిలోనూ ఉంటుంది. ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దబావి ఉన్నట్టు.

మొదటి పెట్టెకు 37777 అని రాసి ఉంది. రెండోది పెట్టినప్పుడు దానికి లోపలి అడ్రస్ 109 అని మార్చాను, అది గుర్తుంది. అంకె మార్చడం మరిచిపోయాను. రౌటర్‌లో రెండో వరుస రాశాను: 37777 అడిగితే 109 దగ్గరికి పంపు. పై వరుసలో అదే 37777కు 108 అని ఉంది. బుద్ధి ఉన్న రౌటరయితే ఇదేందప్పా అని అడ్డం తిరిగేది. అది మూడక్షరాలు కూడా మాట్లాడకుండా ‘సేవ్’ అయింది. అప్పట్నుంచి ఎవరొచ్చి 37777 అన్నా, పై వరుస చూసి బీరువా మీది పెట్టె దగ్గరికే పంపుతూ వచ్చింది. మగ్గానికి పడుగు ఎక్కించేటప్పుడు ఒక్కో కన్నంలోంచి ఒక్కో పోగు తీస్తారు. రెండు పోగులు ఒకే కన్నంలో పడితే ఎమ్మిగనూరులో పదేళ్ల పిల్లకైనా తెలిసిపోతుంది. నాకు తెలియలేదు.

మరి సావుకారు ఫోన్‌లో రెండో పెట్టె ఎలా తెరుచుకుంది? ఇది నా రెండో తప్పు. అన్ని పెట్టెలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టే అలవాటు నాది, మరిచిపోకుండా ఉంటుందని. యాప్‌లో ‘గేటు’ అని ఒకటి, ‘గోడౌన్’ అని ఒకటి చేర్చాను. అడ్రస్ ఒకటే, అంకె ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. గోడౌన్ అని నొక్కితే గేటు పెట్టె తలుపు తీసింది. నువ్వెవరని అడగడానికి దానికి కారణమేమీ లేదు. యాప్‌లో పేజీకి నాలుగు గళ్లు. చూశాను, నాలుగు గళ్లలోనూ బొమ్మ వచ్చింది. రెండు గళ్లలో తెల్లగా పత్తి. గోడౌన్‌లోనూ పత్తే ఉంటుంది కదా! సంతకం పెట్టించుకుని, డబ్బు తీసుకుని, టీ తాగి వచ్చేశాను.

ఆ రోజుల బొమ్మ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. టెలిఫోన్ తీగ మీద లోపలికి వచ్చే దారి వెడల్పు, బయటికి పోయే దారి సన్నం. ఆ లైన్లను చేసిన తీరే అంత. మనమంతా ఎక్కడో ఉన్నవాళ్ల బొమ్మలు చూస్తాం, మన బొమ్మ చూడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు అనుకుని చేసినట్టున్నారు. పెద్ద చెవి, చిన్న నోరు. అందుకని ఫోనుకు పంపేటప్పుడు రికార్డర్ బొమ్మను కుదించి, మసకబార్చి పంపుతుంది. పైగా రాత్రిళ్లు కెమెరా ఎర్రచుక్కల వెలుతురులో అంతా నలుపు తెలుపు. నాలుగంగుళాల తెర మీద నాలుగో వంతు గడిలో పత్తి కుప్ప అంటే పొగమంచే. సావుకారు ఆర్నెల్లపాటు ప్రతి రాత్రీ గేటు చూసి, గోడౌన్ చూసి, రెండూ బాగున్నాయని తృప్తిపడి పడుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు. రెండు పేర్లు నొక్కితే రెండు చోట్లు చూశామనే ఎవరైనా అనుకుంటారు.

అక్టోబరు రాత్రి. వాయుగుండం వాన. ఇక్కడ మామూలుగా వాన కోసం ఆకాశం వైపు చూడటమే తప్ప, వద్దు మొర్రో అన్నా కురిసేది పత్తి ఇంటికొచ్చే నెలలోనే. పదకొండు దాటాక పెద్దాయన సావుకారుకు ఫోన్ చేశాడు. తర్వాత ఇద్దరూ వేరువేరుగా చెప్పిన మాటల్ని కలిపి రాస్తున్నాను.

“సావుకారూ, గోడౌన్ మీద రేకు లేసిపాయ. గింజల బోరాల మీద ధారగా పడ్తాంది.”

సావుకారు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, గోడౌన్ నొక్కి చూశాడు. గేటు దగ్గర వాన చారలు చారలుగా కనిపిస్తోంది. పత్తి పొడిగా ఉంది.

“నాకు కనపడ్తానే ఉంది కదప్పా. వాన పడ్తాంది గానీ లోపల చుక్క లే. నిద్రమత్తులో ఉండావా?”

“నేను తడుస్తాండా సామీ ఈడ.”

“నేను చూస్తాండా అంటి కదా.”

కొంతసేపు ఇద్దరూ ఊరుకున్నారట. రేకు మీద వాన చప్పుడు ఫోన్‌లో వినిపిస్తోందట. అప్పుడు పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

“నీ గోడౌన్‌లో నా కుక్క ఉందా?”

ఉంది. పత్తి కుప్ప వారగా నల్లగా ముడుచుకుని పడుకుని ఉంది. కెమెరా వైపు తలెత్తినప్పుడు కళ్లు రెండు తెల్ల గోళీల్లా మెరుస్తున్నాయి.

“ఉంది. పండుకోనుంది.”

“దాన్ని గోడౌన్ గడప తొక్కనియ్యను నేను. అది గేటు కాడ షెడ్డులో ఉంది. ఇప్పుడు గేటు నొక్కి చూడు.”

గేటు నొక్కాడు. అదే కుప్ప, అదే వార, అదే కుక్క. అప్పుడే కాలితో చెవి గోక్కుంది. వెనక్కి పోయి గోడౌన్ నొక్కాడు. అక్కడా గోక్కుంటోంది.

పెద్దాయన ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి, కాటా దగ్గర పడుకునే ఇద్దరు హమాలీ పిల్లల్ని లేపి, లారీ పట్ట లాక్కుపోయి కప్పాడు. పత్తి గింజ తడిస్తే ఊరికే ఆరదు, లోపల్లోపల వేడెక్కి బూజు పట్టి నూనెకు పనికిరాకుండా పోతుంది. పదీ పన్నెండు బోరాలతో నష్టం ఆగింది.

తెల్లారి ఎనిమిదికి నన్ను పిలిపించారు. తిడతాడనుకుని పోయాను. సావుకారు బల్ల మీద ఫోన్ పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు.

“ఆర్నెల్లు నేను గోడౌన్ అని చూసింది యేంది?”

“గేటే సావుకారూ.”

“గేటని చూసింది?”

“అదీ గేటే.”

“రొండు సార్లా?”

“రొండు సార్లు.”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

గోడౌన్ పక్క గదిలో బోరాలు జరిపి మానిటర్ తగిలించాం. ఆ పెట్టె మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఎవరూ చూడకపోయినా ఎనిమిది కెమెరాలదీ అంతా రాసిపెట్టింది. వెనక్కి తిప్పితే వచ్చింది. రేకు అంచు గాలికి ఒకసారి లేచింది, పడింది, మళ్లీ లేచి పడలేదు. నీళ్లు మొదట దారంలా, తర్వాత తాడులా. మూల నుంచి టార్చిలైటు వెలుగు. పెద్దాయన తల మీద గోనె కప్పుకుని వచ్చి నిలబడ్డాడు, పైకి చూశాడు, జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, ఇంకో చేత్తో ఒక్కో బోరాను ధార కిందినుంచి లాగుతున్నాడు. మాటలు వినపడవు, ఆ కెమెరాలకు మైకు లేదు. మాట్లాడుతూనే లాగుతున్నాడు. సావుకారు ఆ గదిలో నిలబడి, తను ‘నిద్రమత్తులో ఉండావా’ అన్న నిమిషం ఏదో వెతుక్కున్నాడనుకుంటాను. ఒకచోట పెద్దాయన లాగడం ఆపి ఊరికే నిలబడ్డాడు. “ఇదేలే” అన్నాడు సావుకారు. ఆపేయమన్నాడు.

అది ఎన్నాళ్లుంటుందని అడిగాడు. లెక్క చెప్పాను. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 గిగాబైట్లు. ఎనిమిదింటికి దగ్గరదగ్గర 173. రెండు టెరాబైట్ల డిస్కు పదకొండు రోజుల చిల్లర. ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. అంటే ఆ వాన మిల్లులో ఇంకో పదకొండు రోజులు కురుస్తుందన్న మాట.

తెలుగులో చూడటం వేరు, చూసుకోవడం వేరు. పిల్లల్ని చూసుకో, అంగడి చూసుకో, పాలు పొంగుతాయి చూసుకో. ‘కో’ అన్న ఒక్క అక్షరం చేరేసరికి కళ్ల పని కాస్తా చేతుల పనవుతుంది. మా కెమెరా సరుకులో ఆ అక్షరం లేదు. అది తెలిసి కూడా మేం అమ్మేటప్పుడు “ఇంట్లో కూర్చుని మిల్లు చూసుకోవచ్చు సావుకారూ” అనే చెబుతాం. చూడొచ్చు అంటే ఎవరూ కొనరు.

సరే, పని. ఆ రోజు మొదట రౌటర్‌లోకి పోయి పాత వరుసలు రెండూ చెరిపేశాను. అంతలో మిల్లులో కొత్తగా వేసిన షెడ్డుకు ఇంకో రికార్డర్ కూడా వచ్చి అట్టపెట్టెలో ఉంది, అది మూడోది. లోపలి అడ్రస్‌లు 108, 109, 110 అని గట్టిగా కట్టేశాను. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ తన ఇష్టమొచ్చిన అడ్రస్ ఇస్తుంది, రాసిపెట్టిన వరుసలన్నీ తప్పుడు గదులకు దారి చూపిస్తాయి. తర్వాత ఒక్కో పెట్టెలోకి పోయి అంకెలే మార్చాను: 37777, 37778, 37779. బయటి అంకె ఒకటి, లోపలి అంకె ఇంకొకటి ఉంచి కలిపే రౌటర్లు ఉన్నాయిగానీ, చవక రకాలకు అది చేతకాదు, కాబట్టి పెట్టెలోనే మార్చడం నా పద్ధతి. “మూడిటికి మూడు ఫోన్ లైన్లు తీసుకుందామా?” అని మధ్యలో సావుకారు అడిగాడు, చేసిన తప్పుకు ఖర్చు తనే పెట్టుకునేట్టు. అక్కర్లేదన్నాను. వాకిళ్లు పెంచినంత మాత్రాన అడగడం రాదు. “చివర ఏడంటే గేటు, ఎనిమిదంటే గోడౌన్, తొమ్మిదంటే కొత్త షెడ్డు” అని చెబితే ఒక చీటీ మీద రాసి ఫోన్ కవర్లో దోపుకున్నాడు.

ఆ లైన్‌కు బయటి అడ్రస్ కూడా నిలకడగా ఉండదు. మోడెమ్ ఆగి మొదలైతే కొత్తది వస్తుంది. దానికి డీడీఎన్‌ఎస్ అని ఒక ఏర్పాటు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా చుట్టాలకు కబురు చెప్పి వచ్చే మనిషి లాంటిది. మనం ఒక పేరు గుర్తుపెట్టుకుంటే చాలు, ఇప్పుడు ఏ వీధిలో ఉన్నామో అది చూసుకుంటుంది. నిజంగానే చూసుకుంటుంది.

పాస్‌వర్డులు మూడూ వేరువేరుగా మార్చాను. ఆ రోజు అది నా సిగ్గు కొద్దీ చేసిన పని. ఇంకో పెద్ద కారణం ఉందని తర్వాత తెలిసింది. 2016 అక్టోబరు 21న అమెరికాలో పేరుమోసిన వెబ్‌సైట్లు చాలా గంటలకొద్దీ పడిపోయాయి. చేసింది పెద్ద పెద్ద కంప్యూటర్లు కావు, మిరాయ్ అనే పురుగు పట్టిన కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు. దాని దగ్గర ఉన్న విద్య ఏమంటే, ఫ్యాక్టరీలో పెట్టే పేరు, పాస్‌వర్డుల జతలు ఓ అరవై. ప్రపంచంలో తెరిచి ఉన్న వాకిళ్లన్నీ తట్టుకుంటూ పోయి, ఆ అరవై తాళంచెవులూ తిప్పి చూసింది. లక్షల చోట్ల తలుపు తీసుకుంది. బోరాల వెనక కూర్చుని గోడౌన్‌ను కాపలా కాస్తున్నాననుకునే పెట్టె, యజమానికి తెలియకుండా సముద్రాల అవతల ఎవరి మీదో రాళ్లు వేస్తుంటుంది. చదివిన రాత్రి నేను పెట్టిన పెట్టెలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. వేళ్లు చాల్లేదు. వారం రోజులు మోటార్ సైకిల్ మీద తిరిగి పాస్‌వర్డులు మార్చి వచ్చాను. ఎందుకని అడిగినవాళ్లకు “సర్వీసింగ్” అని చెప్పాను.

ఆదోని కొండ మీద కోట ఉంది. బారాకిల్లా, తాలిబండ అనే శిఖరాలు ఊరి నేల నుంచి ఎనిమిది వందల అడుగులు లేస్తాయి. ఆ పైన నిలబడితే ఎమ్మిగనూరు వైపు నల్లరేగడంతా పరుచుకుని కనిపిస్తుంది. బిజాపూరు తరఫున సిద్ది మసూద్ ఖాన్ ఏలిన రోజుల్లో ఆ గోడల మీదా కాపలావాళ్లు రాత్రింబవళ్లు ఇలాగే కళ్లు చించుకుని చూసి ఉంటారు. 1688లో మొగలు సేన వచ్చింది. దుమ్ము లేస్తున్నప్పుడే పైనుంచి అందరూ చూసే ఉంటారు. అంత ఎత్తు మీంచి కనపడకపోవడమన్నది ఉండదు. కోట పోయింది. మిల్లు మిద్దె మీద యాంటెన్నా బిగిస్తూ ఆ కొండ వైపు చూసినప్పుడల్లా నాకు ఈ ఆలోచన వస్తుంది, కిందినుంచి ఎవరో స్క్రూడ్రైవర్ అడిగేదాకా.

ఇప్పుడు ఈ అంకెల గొడవేం లేదు. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు కరెంటు స్తంభాల మీదుగా వీధుల్లోకి తీగ వస్తుందన్నారు. తర్వాత ప్రైవేటు ఫైబర్లూ వచ్చాయి. బయటికి పోయే దారి కూడా వెడల్పయింది, బొమ్మ కడిగినట్టు వస్తోంది. అయితే ఇంకొకటి జరిగింది. కొత్త లైన్ వచ్చిన ఒక అంగట్లో ఎప్పట్లాగే పోర్టులు రాసిపెట్టి, ఎంత గింజుకున్నా బయటినుంచి తెరుచుకోలేదు. రౌటర్‌లో చూస్తే దాని బయటి అడ్రస్ 100.64 తో మొదలవుతోంది. అది బయటిది కాదు. 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచం గాదెలో ఉన్న అడ్రస్‌లన్నీ పంచేశారు. ఆ ఏప్రిల్‌కల్లా మన ఆసియా వాటా అడుగంటింది. దాంతో లైన్ ఇచ్చే కంపెనీలు వందల ఇళ్లకు కలిపి ఒకే అడ్రస్ వాడుకునేందుకు 2012లో ఈ వరుసను విడిగా కేటాయించారు. మన గేటు బయట ఇంకో పెద్ద గేటు. దాని వాచ్‌మన్ మన మనిషి కాడు, మనం రాసిచ్చిన చీటీ చదవడు.

అందుకే ఇప్పుడు రికార్డరే లోపలినుంచి బయటికి పోయి, ఎక్కడో కంపెనీ సర్వర్ దగ్గర ‘నేను ఫలానా’ అని చెప్పి నిలబడుతుంది. ఫోన్ కూడా అక్కడికే పోతుంది. ఇద్దరినీ కలిపేది మూడోవాడు. పెట్టె మీద చదరపు ముద్ర ఉంటుంది, దానికి ఫోన్ చూపిస్తే చాలు, కూలికి వచ్చే పిల్లాడు కూడా అర నిమిషంలో పెట్టిస్తాడు. మూడు పెట్టెలకు మూడు ముద్రలు, తికమక పడేందుకు లేదు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం కుదిర్చే మధ్యవర్తి లాంటి పద్ధతి. ఎద్దు మారుతుంది, డబ్బు మారుతుంది, తువ్వాలు కింద ఏం జరిగిందో మధ్యవర్తికి మాత్రం ఎప్పుడూ తెలిసే ఉంటుంది. నేనూ ఇదే పెడుతున్నాను. సుఖంగా ఉంది. 37778 అని చీటీ మీద రాసిన రోజుల్లో మాత్రం ఎవరు ఎక్కడికి ఎలా పోతున్నారో నా వేలితో చూపించగలిగేవాడిని.

ఆ రోజు మిల్లులో పని ముగిసేసరికి సాయంత్రం ఐదయింది. రేకు కొట్టేవాళ్లు పైన సుత్తులతో బాదుతున్నారు. పెద్దాయన తడిసిన బోరాలు విప్పి, గింజల్ని ఎండ పడే చోట నేర్పుతున్నాడు. సావుకారు గోడౌన్ మధ్యలోకి వచ్చి నిలబడి, కళ్లజోడు సర్దుకుని, ఫోన్ తీసి, చీటీ చూసుకుని, ఎనిమిది నొక్కాడు.

చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది. కనెక్షన్ ఫెయిల్.

“మళ్లీ యేందిది?”

అది రావడానికి లేదు. ఆయన ఫోన్ మిల్లు వైఫై మీద ఉంది. లోపల నిలబడి, బయటి అడ్రస్‌తో, లోపలి పెట్టెను అడుగుతున్నాడు. ఆ రౌటర్‌కు అది అర్థం కాదు. సొంత గేటులోంచి బయటికి పోయి, అదే అడుగులో వెనక్కి తిరిగి రావడం కొన్నిటికి తెలుసు, దానికి తెలియదు. సావుకారుకు ఇదెలా చెప్పాలా అని నేను మాటలు కూడదీసుకుంటున్నాను.

“ఎదురుగానే ఉండాది కదా సామీ గోడౌను,” అన్నాడు పెద్దాయన, గింజలు నేర్పుతూనే.

సావుకారు వినిపించుకోలేదు. వైఫై తీసేసి సిమ్ నెట్ మీద చూడండన్నాను. లోపల రేకుల కింద సిగ్నల్ ఒక్క గీతే ఉంది. ఫోన్ ఎత్తిపట్టుకుని, సిగ్నల్ వెతుక్కుంటూ, జిన్నింగ్ హాలు దాటి, కాటా దాటి, కుక్కను దాటి, గేటు బయట రోడ్డు మీదికి పోయాడు. లారీ ఒకటి హారన్ కొట్టింది. రెండు నిమిషాలకు నా ఫోన్ మోగింది.

“వచ్చింది,” అన్నాడు. గొంతులో సంతోషం. “మీరిద్దరూ బ్రమ్మాండంగా కనపడ్తాండారు. ఆ మూలనున్న రొండు బోరాలు ఇంకా తడిగానే ఉండాయి చూడు. పెద్దాయనకు చెప్పు.”

చెప్పాను. పెద్దాయన తలెత్తి కెమెరా వైపు ఒకసారి చూసి, మూలకు పోయాడు.